రెండు సగం సంచులు

ఏప్రిల్ 2

ఈ రిజిస్టరు మా ఆయనది. గళ్లు గీసి ఉన్నాయి: తేదీ, సంచి నంబరు, పొర, రంగు, ఏరినవారు, రిమార్కులు. రెండు పేజీలు రాసి, గళ్లు మరీ చిన్నవని మూల పడేశారు. ఏడో తరగతితో చదువు ఆపినదాన్ని, పెద్ద గళ్లు నేనేం చేసుకుంటాను. గీతలు దాటి రాస్తున్నాను. ఎవరూ చూడరు కదా.

ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట పెగలదు. కాగితమైతే నా మొహం చూడదు.

మంచం కింద మట్టి. బీరువా మీద మట్టి. ఈవేళ నా బట్టల పెట్టెలోంచి బట్టలు తీసేసి మూడు రాళ్లు పెట్టారు, "వీటికి తేమ తగలకూడదు" అని. నా బట్టలకి తగిలితే ఫరవాలేదు కాబోలు. అడుగుదామనుకున్నాను. అడగలేదు.

కొండల వయసు తేల్చే ఆఫీసులో ఆయనకి ఉద్యోగం. ఆఫీసులో చోటు లేదని పని ఇంటికొచ్చింది. మట్టిని నీళ్లలో నానబెట్టాలి, సన్న జల్లెడలో కడగాలి, ఆరబెట్టాలి. అప్పుడు మిగిలే ఇసుకలో కంటికి ఆనని గవ్వలుంటాయి. మైక్రోస్కోపు కింద నల్ల పళ్లెంలో పోసి, రెండు వెంట్రుకల కుంచెను తడి చేసి, ఒక్కొక్కటీ ఎత్తి అట్టమీద పెట్టాలి. సంచికి మూడు వందల గవ్వలు. పోయిన ఏడాది ఆయన విసుగెత్తి, "నువ్వు చూడవోయ్ కాస్త" అన్నారు. చూశాను. ఆయన నాలుగు రోజుల్లో ఏరినన్ని ఒక పూటలో ఏరాను. బియ్యంలో రాళ్లు ఏరిన చేతికి ఇదొక లెక్కా? ఆ రోజు నుంచీ ఏరేది నేనే. "ఏరినవారు" గడిలో మాత్రం ఆయన పొట్టి సంతకం. సరేలే.

ఏప్రిల్ 5

ముప్పై ఎనిమిదో సంచి అయింది. మూడు వందల గవ్వలూ బొంగరాలే. మెడ పట్టేసింది.

ఏప్రిల్ 9

ఆయన గోడకి నిలువెత్తు పటం తగిలించారు. కింద నుంచి పైదాకా రంగురంగుల గళ్లు.

"ఏమిట్రా అది? ఇళ్లకి రంగులేసేవాడి దగ్గర తెచ్చావా?" అన్నారు అత్తయ్య.

"ప్రపంచం మొత్తానికి ఒకటే క్యాలెండరమ్మా ఇది. పాతకాలం కింద, కొత్తకాలం పైన. మన కొండ పొరలకి మనవాళ్లు ఎప్పుడో పేర్లు పెట్టుకున్నారు. కింది బూడిదమట్టి, పై బూడిదమట్టి, ఎర్రరాయి అని. అవతలి కొండవాడికి ఆ పేర్లు తెలియవు, వాడి పేర్లు వాడివి. మన ఏ పొర ఈ పటంలో ఏ గడిలో కూర్చుంటుందో తేల్చాలి. అదీ నా పని."

"దానికింత మట్టెందుకు? రంగు చూస్తే తెలీదూ? ఎరుపు ఎరుపే, బూడిద బూడిదే."

"రంగు చూసి వయసు చెప్పకూడదమ్మా. నీ తెల్లజుట్టూ, సున్నం కొట్టేవాడి నెత్తిమీద తెలుపూ ఒకటేనా?"

"నా జుట్టు జోలికి రాకు."

"గవ్వని చూడాలి. కొంతకాలమే బతికి సముద్రాలన్నింటా పాకిన జాతులుంటాయి. అలాంటిది మన పొరలోనూ దొరికి, ఎక్కడో దూరదేశపు పొరలోనూ దొరికిందనుకో, ఆ రెండు పొరలూ ఒక్క కాలానివే."

అత్తయ్య కూరగాయలు తరగడం ఆపి ఆలోచించారు. "ఓహో. పెళ్లిలో ముక్కూమొహం తెలియనివాళ్లు కలిస్తే, మీ మేనత్త మా తోడికోడలికి ఏమవుతుందీ అంటూ మధ్యలో ఒక మనిషిని పట్టుకుని వరస కలుపుతాం చూడు. నువ్వు రాళ్లకి వరసలు కలుపుతున్నావన్నమాట. ఆ మధ్యమనిషి ఈ గవ్వ."

ఆయన నోరు తెరిచారు. "అమ్మా, మా పెద్దసారు గంటసేపు చెప్పే క్లాసు నువ్వు ఒక్క ముక్కలో చెప్పావే."

"పెద్దసారు నాలుగు పెళ్లిళ్లకి వెళ్లుంటే ఆయనకీ తెలిసేది."

నేను మొహం తిప్పుకుని నవ్వుకున్నాను.

తర్వాత ఆయన పటం మీద ఒక గీత చూపించారు. దానికి ఇటు, కింద, బొంగరాలు. అటు, పైన, గుత్తులు. ఈ పేర్లు నేను పెట్టినవే. అసలు పేర్లు నాకు నోరు తిరగవు. బొంగరానికి అడుగున మొన, అంచుకి పట్టీ ఉంటుంది. గుత్తి ద్రాక్షపళ్లు దగ్గరగా అతికించినట్టుంటుంది. బొంగరాలు అంతరించాకే గుత్తులు పుట్టాయట. ఎక్కడో దూరదేశంలో ఒక కొండకి, గుత్తి మొదటిసారి కనిపించిన పొర దగ్గర ఇత్తడి మేకు కొట్టారట. ప్రపంచంలో ఎవరు ఆ గీత గీయాలన్నా ఆ మేకుని చూసి గీయాల్సిందే.

"మంచిదే. ఇంటికొక మేకుండాలి," అన్నారు అత్తయ్య. "ఇక్కడ నేనున్నాను."

మన కొండలో ఆ గీత నలభై ఒకటో సంచికీ నలభై రెండో సంచికీ మధ్య పడాలని ఆయన అంచనా. సంచులకి కింద నుంచి పైకి నంబర్లు. కాలు జారే చోటట, ఆ రెండూ సగం సగమే నింపి తెచ్చారు.

ఏప్రిల్ 12

వాన. డాబా మీది ట్రేలూ సంచులూ లోపలికి తెచ్చాం. ఏమీ జరగలేదు.

ఏప్రిల్ 24

పన్నెండు రోజులు రాయలేదు. రాయడానికి ఏముంది, పని ఎక్కువైంది.

ఈవేళ నలభై ఒకటి ఏరాను. బొంగరాలు నూట నలభై ఎనిమిది. గుత్తులు నూట యాభై రెండు. ఎన్ని ఉంటే అన్ని ఏరాను. ఏరడం వరకే నా పని.

ఆయన అట్ట చూసి కుర్చీలోంచి లేచిపోయారు. "రెండూ కలిసున్నాయా! ఒకే పొరలో! ఏమోయ్, సరిగ్గా చూశావా?"

"చూశానండీ."

"రేపు నలభై రెండు చెయ్యి. అందులో కూడా ఉంటే..."

ఉంటాయి.

ఏప్రిల్ 25

ఉన్నాయి. బొంగరాలు నూట యాభై ఒకటి, గుత్తులు నూట నలభై తొమ్మిది.

ఆయన అన్నం తినకుండా వంటింట్లోకీ ముందుగదిలోకీ తిరుగుతున్నారు. మన కొండ దగ్గర బొంగరాలు చచ్చిపోకముందే గుత్తులు పుట్టాయట. రెండూ కలిసి బతికిన కాలం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకలేదట. మేకు కొట్టిన కొండలో కూడా లేదట.

సరే, రాస్తాను. రిజిస్టరుకి కూడా అబద్ధం చెప్పడమెందుకు.

పన్నెండో తేదీన వాన మొదలయ్యేసరికి నేను ట్రేలు దింపుతున్నాను. ఆయన ఆఫీసులో ఉన్నారు. సంచులు అత్తయ్య తెచ్చారు. నేను కిందికి వచ్చేసరికి ఆవిడ చేతిలో ఒక సంచి నిండుగా ఉంది, ఒకటి దులిపి ఖాళీగా ఉంది.

"ఒకే రంగు, ఒకే మట్టి. రెండు సగం సంచులెందుకు దండగ? ఒకటి చేసేశాను. ఈ గుడ్డ గట్టిది, బట్టల క్లిప్పులు వేసుకోవడానికి బాగుంటుంది."

"అత్తయ్యా... అవి వేరు వేరండీ... ఒకటి కింది పొర, ఒకటి పై పొర. గీత వాటి మధ్యలో..."

ఒక్క క్షణం ఆవిడ మొహం పాలిపోయింది. వెంటనే తేరుకున్నారు. "అంతేనా? దానికి ఏడుపు మొహమెందుకు? మళ్ళీ రెండు చేస్తే సరి!"

టీ గ్లాసు తెచ్చి, నేల మీద కూర్చుని, ఒక గ్లాసు ఇటు, ఒక గ్లాసు అటు పోసుకుంటూ పంచారు. చివరి గ్లాసు సగం సగం చేశారు. "చూసుకో, చిటికెడు తేడా ఉంటే నన్నడుగు. ముడి నువ్వు వెయ్యి, నాకా రకం ముడి రాదు."

నేను వేశాను. నలభై ఒకటి చీటీ ఒకదానికి. నలభై రెండు చీటీ ఇంకోదానికి. చీటీల మీద అక్షరాలు బాగానే ఉన్నాయి. ముళ్లూ గట్టిగానే పడ్డాయి.

"వాడికి చెప్పకు. ఊరికే గంతులేస్తాడు," అన్నారు. ఫిబ్రవరిలో సన్న జల్లెడ నా చేతిలో చిరిగినప్పుడు, "నేనే చింపానురా, కళ్లు కనపడక" అని నా మీద మాట పడనివ్వకుండా అడ్డొచ్చిన మనిషి ఆవిడ. చెప్పనని తలూపాను. మట్టి మట్టే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

అనుకోలేదు. ఏమవుతుందో నాకు తెలుసు. ఏరేది నేనే కదా.

ఏప్రిల్ 28

చెబుదామని వెళ్లాను.

"ఏమండీ."

"ఊఁ."

"ఆ నలభై ఒకటో సంచి..."

"బంగారమోయ్! నలభై రెండూ బంగారమే!"

"అది కాదండీ, వాన వచ్చిన రోజు..."

"ఆగవోయ్, ఆలోచన తెగిపోతుంది."

తెగనివ్వలేదు. వచ్చేశాను.

మే 1

అత్తయ్యతో అన్నాను, మనమే చెప్పేద్దామని. ఆవిడ బట్టలు మడతపెడుతూనే ఉన్నారు.

"ఎంత కొంప మునిగిందని? ఆ గవ్వలన్నీ చచ్చి ఎన్ని కోట్ల ఏళ్లయింది. ఇప్పుడు కలిసుంటే ఎవరికి నష్టం? బతికున్నవాళ్లే కలిసుండలేక చస్తున్నారు."

"ఆయన వాటి మీదే అంతా రాసేస్తున్నారు..."

"రాసుకోనీ. పెళ్లయ్యాక వాడి మొహంలో నవ్వు ఇప్పుడే చూస్తున్నాను. నువ్వు చూశావా ఎప్పుడైనా?"

నా మీద అన్నట్టా, నా వైపు అన్నట్టా అది? పొద్దుట్నించీ అదే ఆలోచిస్తున్నాను. చెప్పాల్సింది వదిలేసి అదే ఆలోచిస్తున్నాను.

సాయంత్రం మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్లాను. ఫోన్లో ఉన్నారు. చెయ్యి అడ్డం పెట్టి "టీయా? అక్కడ పెట్టు" అన్నారు. నా చేతిలో టీ లేదు. పెట్టి తెచ్చాను.

మే 3

మూడోసారి. "ఏమండీ, ఆ సంచుల ముళ్లు..." అన్నాను. "ముళ్లు బాగానే ఉన్నాయోయ్" అన్నారు.

మే 6

ఈవేళ కొంచెం ఆశ కలిగింది. పోయిన ఏడాది అవతలి కొండ నుంచి తెచ్చిన మట్టి తాలూకు అట్టలు ఆయన బయటికి తీశారు. అవీ నేను ఏరినవే. అక్కడ బొంగరాలు అయిపోయాక గుత్తులు. కలిసిన సంచి ఒక్కటీ లేదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆయన మార్చి మార్చి చూశారు. ఇప్పుడు తెలుస్తుంది, నేను నోరు తెరవక్కర్లేదు అనుకున్నాను.

తర్వాత చిటిక వేశారు. "అవతలి కొండలో కాలం పోయిందోయ్!"

"పోవడమేంటండీ?"

"మధ్య పొర అక్కడ పడి ఉండదు, లేదా పడి కొట్టుకుపోయి ఉంటుంది. కింది పొర మీద పై పొర నేరుగా కూర్చుంది. చూసేవాడికి అతుకు కనపడదు. మధ్యలో లక్షల ఏళ్లు గల్లంతు. మన కొండలో మాత్రం అవి నిలిచాయి!"

అలా జరుగుతుందట, నిజంగానే. కొండల్లో అలాంటి ఖాళీలు చాలా ఉంటాయట. అందుకే నాకు ఒళ్లు మండింది. అబద్ధమైతే పోనీ అనుకోవచ్చు. కళ్లెదుట ఉన్న మంచి అట్టల్ని తప్పు చేసి, అత్తయ్య గ్లాసుతో పంచిన మట్టిని నిజం చేశారు. చెడిపోయింది ఏదో తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. తన పెళ్లామే. అడగడు.

అడిగితే చెబుతానా? చెబుతాను. అడగాలి కదా.

మే 10

మంగళవారం పెద్దసారు మా ఇంటికి వస్తున్నారు. ఆ మేకుల సంగతి తేల్చే కమిటీ ఒకటి ఉందట, దేశదేశాల వాళ్లుంటారట. వాళ్లకి ఉత్తరం వెళ్తుంది: మా కొండని వచ్చి చూడండి, మేకు ఇక్కడికి మార్చండి అని. పెద్దసారు సంతకం లేకపోతే వెళ్లదు.

"మళ్ళీ తవ్వి తేవచ్చు కదండీ?" అన్నాను. నాకు నేనే ఆశ్చర్యపోయాను, పూర్తి వాక్యం వచ్చింది.

"వానకి కొండదారి తెగిపోయిందిగా. బాగుచేసేసరికి ఉత్తరం గడువు దాటిపోతుంది."

వాళ్లు వస్తారు. వాళ్ల చేతులతో తవ్వుతారు. వాళ్ల సంచుల్లో ఒకదాంట్లో బొంగరాలు, ఒకదాంట్లో గుత్తులు ఉంటాయి. అప్పుడు అందరిముందూ ఈయన మొహం ఎలా ఉంటుంది? దొంగలెక్క రాశాడంటారు. గ్లాసు సంగతి ఎవరూ నమ్మరు. నేనైనా నమ్మను.

చెబితే ఇక ఏరడం ఉండదు. సంచులు చూసుకోవడం రానిదానికి కుంచె ఎవరిస్తారు? ఈ ఇంట్లో నాకు వచ్చిన పని అదొక్కటే. వంటలో కూడా అత్తయ్యదే పైచేయి.

అత్తయ్యకి మాటిచ్చాను. ఆయనకి చెప్పలేను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు, రెండు వైపులా నావాళ్లే.

మే 12

ఇది ఈవేళే రాయాలి.

పెద్దసారు భారీ మనిషి. మైక్రోస్కోపు ముందు నా స్టూలు మీద కూర్చుంటే స్టూలు కిర్రుమంది. అరగంట చూశారు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అత్తయ్య లోపల టీ కలుపుతున్నారు.

"ఏరడం ముచ్చటగా ఉందయ్యా. ఒక్కటి విరగలేదు. అన్నీ ఒకే వైపు తిప్పి పెట్టారు. ఎవరు ఏరారు?"

"నేనే సార్," అన్నారు ఆయన.

అది నాకు కొత్త కాదు. గడిలో రోజూ చూసేదే. కానీ చెవితో వినడం వేరు.

"రెండు సంచుల్లోనూ ఇంచుమించు సగం సగం," అన్నారు పెద్దసారు. "ప్రకృతి ఇంత సమానంగా పంచడం నేనెప్పుడూ చూడలేదు. విచిత్రమే. పోనీ, అవతలి కొండలో ఖాళీ ఉందన్న నీ వాదన బాగానే ఉంది. రెండు జాతుల గవ్వలూ తాజాగా ఉన్నాయి, ఒక్కటీ అరగలేదు. అదే నాకు నచ్చింది. కింది పొరలోంచి నీటికి కొట్టుకొచ్చిన గవ్వ అయితే అంచులు అరిగి తెలిసిపోయేది. సరే, పంపుదాం. ఉత్తరం ఏదీ?"

ఆయన ఉత్తరం ఇచ్చారు. పెద్దసారు కళ్లజోడు సర్దుకుని పెన్ను మూత తీశారు.

"సార్," అన్నాను.

ఎవరూ వినలేదు. నాకే వినపడలేదు.

"సార్! సంతకం పెట్టకండి."

ఇద్దరూ తిరిగారు. ఆయన నన్ను చూసిన చూపు, గోడ మాట్లాడితే చూసినట్టుంది.

"నేను ఏరాను. ఆ సంచులు కలిసిపోయాయి. వాన రోజు. రెండూ ఒకటైపోయాయి, మళ్ళీ రెండు చేసి ముడి వేశాం. ముడి నేనే వేశాను. తెలిసే వేశాను."

"ఏం మాట్లాడుతున్నావ్ నువ్వు?" అన్నారు ఆయన.

అత్తయ్య పేరు నేను ఎత్తలేదు. ఆవిడే టీ గ్లాసుల పళ్లెంతో వచ్చి నా పక్కన నిలబడ్డారు. "దాన్నంటావేంట్రా? కలిపింది నేను, పంచింది నేను. ప్రకృతి పంచదేమో గానీ నేను సమానంగానే పంచాను సారూ. ఇదిగో, ఈ గ్లాసుతోనే."

పెద్దసారు ఆ గ్లాసు వైపు చూశారు. ముందు పెద్దసారు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత నవ్వు బయటికి వచ్చింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "అమ్మా, నా సర్వీసులో వరదలు పొరల్ని కలపడం చూశాను, భూకంపాలు కలపడం చూశాను. టీ గ్లాసు కలపడం చూడటం ఇదే మొదటిసారి."

మా ఆయన నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

పెద్దసారు పెన్ను మూత పెట్టారు. "కొండ ఎక్కడికీ పోలేదు కదయ్యా. దారి పడ్డాక మళ్ళీ తెచ్చుకో." వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నారు: "అరిగిన అంచు మాట గుర్తుపెట్టుకో తల్లీ. ఏరేవాళ్లకే ముందు కనపడుతుంది."

మే 13

మాట్లాడలేదు.

మే 14

మాట్లాడలేదు. నాతోనూ, అత్తయ్యతోనూ. పటంతో కూడా.

మే 16

ఈవేళ మాట్లాడారు, నాతో కాదు. "పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పమ్మా," అన్నారు. నేను ఆయన పక్కనే గరిటె పట్టుకుని ఉన్నాను.

"నోరుంది కదరా, నువ్వే చెప్పు," అన్నారు అత్తయ్య. "దాని నోరు తెరిపించడానికి ఇన్నాళ్లు పట్టింది. ఇప్పుడు నీది మూతపడిందా?"

ఉప్పు నిజంగానే తక్కువైంది. చెయ్యి సరిగ్గా లేదు. కుంచె తడిపి నాలుగు రోజులైంది.

మే 19

బద్దలయ్యారు.

"ముందే చెప్పొచ్చు కదా! పెద్దసారు ముందు పరువు తీసేదాకా ఆగాలా?"

"చెప్పానండీ."

"ఎప్పుడు చెప్పావ్?"

"ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన వచ్చాను, ఆలోచన తెగిపోతుందన్నారు. మే ఒకటి సాయంత్రం వచ్చాను, టీ అడిగారు. మే మూడున వచ్చాను, ముళ్లు బాగున్నాయన్నారు."

ఆయన నా వైపు తిరిగారు. "తేదీలు రాసుకున్నావా?"

"మీరేగా అన్నారు, నంబరు లేని సంచి రోడ్డు మీది మట్టితో సమానమని."

వంటింట్లోంచి అత్తయ్య దగ్గు వినపడింది. అది దగ్గు కాదు.

గొంతు తగ్గించి, "పెద్దసారుతో నేనే ఏరానన్నాను," అన్నారు ఆయన.

"విన్నాను."

"అలవాటుగా వచ్చేసింది."

అలవాటే. అది తెలియకనా నాకు కోపం.

మే 22

దారి పడింది. "నువ్వూ రా," అన్నారు. ఎందుకని అడగలేదు.

బయల్దేరేటప్పుడు అత్తయ్య రెండు కొత్త సంచులు ఇచ్చారు. ఆవిడే కుట్టారు. ఒకటి ఎర్రగుడ్డ, ఒకటి పచ్చగుడ్డ. "కింది పొర ఎర్రదాంట్లో, పై పొర పచ్చదాంట్లో. ఇప్పుడు కలిపే మొనగాడెవడో చూస్తాను."

"కలిపింది నువ్వేనమ్మా," అన్నారు ఆయన. నవ్వారు కూడా, కొంచెం.

కొండ నేను అనుకున్నంత పెద్దది కాదు. వాన కోసిన వాగు గట్టులా ఉంది. ఏడాదిన్నరగా ఈ మట్టి మధ్య పడుకుంటున్నాను, దాని ఇల్లు ఇప్పుడు చూశాను. ఆయన సుత్తి మొనతో చూపించారు: "ఇక్కడ నలభై ఒకటి. జానెడు పైన నలభై రెండు." నాకు ఒకటే బూడిద కనిపించింది. ఎంత చూసినా ఒకటే రంగు, ఒకటే మట్టి. అత్తయ్యని ఏమనగలం?

తవ్వింది ఆయన. పట్టింది నేను. ఒకటి నిండి, ముడి పడి, చీటీ కట్టాకే రెండోది తెరిచాను. ఆయన ఇటివ్వమన్నారు. ఇవ్వలేదు. దిగేదాకా రెండు సంచులూ రెండు చేతుల్లో పట్టుకున్నాను. కాలు జారి ఒకసారి కూర్చుండిపోయాను కూడా. చేతులు మాత్రం పైకే ఉన్నాయి.

జూన్ 3

కడగడం, ఆరబెట్టడం అయింది. ఈసారి ఇంట్లోనే ఆరబెట్టాను, ఒక్కొక్కటీ ఒక్కో గదిలో. అత్తయ్య ఆ గదుల్లోకి అడుగుపెట్టలేదు. గుమ్మం బయట నిలబడి, "నేను దూరం నుంచే చూస్తున్నాను, మళ్ళీ నా మీదకి రావద్దు" అన్నారు.

నలభై ఒకటి: మూడు వందలూ బొంగరాలే.

జూన్ 4

నలభై రెండు పొద్దున మొదలుపెట్టాను. గుత్తులు. గుత్తులు. ఆయన అంచనా వేసిన చోటే గీత ఉంది. దూరదేశంలో మేకు ఎలా చెప్పిందో ఇక్కడా అలాగే. మన కొండ మామూలు కొండ. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయిందని ఆయన నిన్న అన్నారు. ఎలుకైనా మనం పట్టిందే కదా అనుకున్నాను.

రెండు వందల డెబ్బై దాటాక ఒక బొంగరం కనిపించింది.

ఒక్కటే. కుంచె గాల్లో ఆగిపోయింది. దారిలో ఎక్కడా కలవలేదు, నాకు తెలుసు, సంచి నా చేతిలోంచి దిగలేదు. మరి ఇదెక్కడి పీడ! పక్కకి నెట్టేసి ఇంకో గుత్తి ఎత్తితే మూడు వందలూ శుభ్రంగా వస్తాయి. ఎవరూ అడగరు. పళ్లెం దులిపేస్తే చాలు.

"ఏమండీ," అన్నాను. "రండి. ఇప్పుడే రండి."

చేస్తున్న పని వదిలి వచ్చారు. కన్ను పెట్టి చూశారు. "బొంగరమేనోయ్... పై పొరలో..." ఆ గొంతు నాకు తెలుసు. మళ్ళీ ఆ మేకు ఆయన కళ్ల ముందు ఆడుతోంది.

"అంచు చూడండి," అన్నాను. "పట్టీ అరిగిపోయింది. మొన మొద్దుబారింది. పక్కనున్న గుత్తులకి ఒక్కదానికీ అరుగు లేదు. ఇది ఇక్కడ బతికింది కాదండీ. కింది పొరలోంచి నీటికి కొట్టుకొచ్చింది."

ఆయన అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. ఆయన కాదంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. మళ్ళీ చెబుతానేమో.

"అరిగింది," అన్నారు చివరికి. నీరసంగా, పళ్ల మధ్యలోంచి. "అవునోయ్. అరిగింది."

లేచి నా స్టూలు నాకిచ్చారు. ఆఫీసు రిజిస్టరు ముందుకి జరిపి, రిమార్కులు రాయమన్నారు. రాశాను: గుత్తులు 299, బొంగరం 1, అరిగినది. తర్వాత "ఏరినవారు" గడి ఉంది. ఆయన పెన్ను కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. నా పేరు రాశాను. గడి మరీ చిన్నది, సగం పేరు గీత దాటి రిమార్కుల్లోకి పోయింది. ఆయన చూశారు. "గళ్లు పెద్దవి గీయించాలి," అన్నారు.

ఇప్పుడు నా రిజిస్టరు మొదటి నుంచి తిరగేశాను. ఏప్రిల్ 12 దగ్గర "ఏమీ జరగలేదు" అని ఉంది. చూస్తే ఒళ్లు మండుతోంది. ఆ పేజీ చింపేద్దామని సగం వరకు మడిచాను కూడా. చింపితే అక్కడ ఖాళీ వస్తుంది. ఖాళీ చూస్తే మా ఆయనలాంటివాడెవడో వచ్చి, అక్కడ ఏదో గొప్ప కాలం గల్లంతైందంటాడు.

ఉండనీ. దాని పక్కనే చిన్నక్షరాలతో రాశాను: రెండు సగం సంచులు కలిశాయి. ముడి నాది.